పాత స్టీరియోకు తక్కువ ఖర్చులో కొత్త స్పీకర్లు ఎలా ఎంచుకోవాలి?

మా స్టీరియోలో ఎడమ స్పీకరు ఒకరోజు గరగరమనడం మొదలుపెట్టింది. ముందున్న గుడ్డ మూత తీసి, వూఫర్ (మంద్రస్వరాలు పలికే పెద్ద స్పీకరు) చుట్టూ ఉండే ఫోమ్ అంచును వేలితో తాకాను. పాతబడిన అప్పడంలా పొడిపొడిగా రాలిపోయింది. శబ్దాన్ని పెంచి స్పీకర్లకు పంపే యాంప్లిఫయర్ మాత్రం నిక్షేపంగా ఉంది. చాలా ఇళ్లలో జరిగేది ఇదే. యాంప్లిఫయర్ దశాబ్దాలు నడుస్తుంది, ఫోమ్ ఏళ్ల తరబడి వేడికీ తేమకూ చివికిపోతుంది. అంతమాత్రాన సెట్టు మొత్తం పాత సామాన్లవాడికి ఇచ్చేయకండి.

1. దోషం ఎక్కడుందో తేల్చుకోండి

యాంప్లిఫయర్ ఆపి, దాని వెనుక ఎడమ, కుడి స్పీకర్ల వైర్లను తారుమారు చేసి మళ్లీ పాట పెట్టండి. గరగర అదే స్పీకరులో వినిపిస్తే దోషం స్పీకరుదే. రెండోదానిలోకి మారితే దోషం యాంప్లిఫయర్‌లోనో, దానికి పాట పంపే పరికరంలోనో ఉంది, కొత్త స్పీకర్లు కొన్నా అది పోదు. కోన్ (వూఫర్‌లో కదిలే గరాటు లాంటి భాగం) బాగుండి ఫోమ్ ఒక్కటే పోతే, స్పీకర్లు బాగుచేసేవారి దగ్గర అంచు మార్పించుకోవడం అన్నిటికంటే చౌక.

2. ఓమ్‌లు చూడండి

స్పీకరు కరెంటును ఎంత అడ్డుకుంటుందో ఓమ్‌లలో చెబుతారు. యాంప్లిఫయర్ వెనుక, స్పీకరు వైర్లు తగిలించే చోట ‘6 నుంచి 16 ఓమ్‌లు’ అన్నట్టుగా రాసి ఉంటుంది. కొనే స్పీకరు ఓమ్‌లు అందులో చిన్న అంకె కంటే తగ్గకూడదు. ఓమ్‌లు తగ్గేకొద్దీ యాంప్లిఫయర్ మీద కరెంటు భారం పెరుగుతుంది, వేడెక్కి కాలిపోవచ్చు. పాత స్పీకరు మీద చీటీ చెరిగిపోయి ఉంటే, ఓమ్‌లు కొలిచే మల్టీమీటర్ పెట్టండి. 8 ఓమ్‌ల స్పీకరు సుమారు 6 చూపిస్తుంది, అది లోపం కాదు. కరెంటు ప్లగ్గుతో వచ్చే స్పీకర్లలో యాంప్లిఫయర్ లోపలే ఉంటుంది, అవి మీకు పనికిరావు. దుకాణంలో ‘ప్యాసివ్’ స్పీకర్లు కావాలని అడగండి.

3. వాట్లకు మోసపోకండి

ఒకప్పుడు మన బజార్లలో మ్యూజిక్ సిస్టమ్‌ల మీద వేల వాట్ల పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ శక్తి) అని అచ్చేసేవారు. ఆ అంకెను నమ్మి డబ్బు పెట్టకండి. నిలకడగా ఇచ్చే శక్తిని చెప్పే ఆర్ఎంఎస్ వాట్లు కొంత నయం, కానీ అసలు చూడవలసింది సెన్సిటివిటీ. ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్‌ల శబ్దం వస్తుందో ఈ అంకె చెబుతుంది. 3 డెసిబెల్‌లు తగ్గితే, అదే శబ్దానికి రెట్టింపు వాట్లు కావాలి. 84 డెసిబెల్‌ల స్పీకరుకు 40 వాట్లు కావలసిన చోట 90 డెసిబెల్‌ల స్పీకరుకు 10 వాట్లు చాలు. మీది 15, 20 వాట్ల పాత యాంప్లిఫయర్ అయితే సెన్సిటివిటీ 87 డెసిబెల్‌లకు తగ్గకుండా చూసుకోండి. ఒక మెలిక ఉంది. కొందరు తయారీదారులు ఒక వాటుకు బదులు 2.83 వోల్టుల లెక్కన రాస్తారు. 4 ఓమ్‌ల స్పీకరులో ఆ వోల్టేజీ 2 వాట్లవుతుంది, అంటే అంకె 3 డెసిబెల్‌లు ఎక్కువగా కనబడుతుంది.

4. పెట్టె, గది కలిసి చూడండి

1954లో అమెరికాలో ఎడ్గార్ విల్చర్ గాలి చొరబడని చిన్న పెట్టెలోంచి లోతైన బేస్ (మంద్రస్వరాలు) రప్పించి చూపించాడు. దానికి చెల్లించే మూల్యం సెన్సిటివిటీ తగ్గడం. చిన్న పెట్టె, లోతైన బేస్, తక్కువ వాట్లలో గట్టి శబ్దం, ఈ మూడూ ఒక్కచోట దొరకవు. పది పన్నెండు అడుగుల గదికి 5 నుంచి 6.5 అంగుళాల వూఫర్ సరిపోతుంది. గోడ అలమరలో ఇరికించాలనుకుంటే గాలి రంధ్రం వెనుక ఉన్నవి వద్దు, బేస్ గుమ్మని మోగి మాటలు మసకబారతాయి. గచ్చు నేల, ఖాళీ గోడల గదిలో పైస్వరాలు గుచ్చుకుంటే ముందు స్పీకర్లను తిట్టకండి. ఎదురుగా జంపఖానా పరిచి వినండి.

5. విని కొనండి

ఒకరు వాడిన మంచి జత తక్కువలో దొరికితే నేనైతే కొత్త నాసిరకం కంటే అదే తీసుకుంటాను. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ దుకాణాలకు వెళ్లినా, ఎవరింటికి వెళ్లినా, మీకు కంఠతా వచ్చిన పాట వెంట తీసుకెళ్లండి. కోన్‌ను వేళ్లతో రెండు వైపులా సమంగా పట్టి మెల్లగా లోపలికి నొక్కండి. గీసుకుంటున్న శబ్దం వస్తే వదిలేయండి. రబ్బరు అంచున్నవి ఫోమ్‌వాటికంటే ఎక్కువకాలం మన్నుతాయి. ట్వీటర్ (పైస్వరాలు పలికే చిన్న స్పీకరు) రెండిటిలోనూ పలుకుతోందా అని చెవి దగ్గర పెట్టి వినండి. వయొలిన్ వింటూ పావుగంట కూర్చోండి, చెవి అలసిపోతే ఆ జత వద్దు.

6. తగిలించడం

ఖరీదైన కేబుళ్లు అక్కర్లేదు. నాలుగైదు మీటర్లకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు చాలు. ఒక్క పోగు కూడా పక్కదానికి తగలకుండా మెలిపెట్టండి. ట్వీటర్లు మీరు కూర్చున్నప్పుడు చెవి ఎత్తులో ఉండాలి. స్పీకర్ల మధ్య ఎంత దూరమో, మీకూ వాటికీ సుమారు అంతే.

ఇప్పుడు ఘంటసాల కాలపు మోనో పాట ఒకటి పెట్టండి. గొంతు రెండు స్పీకర్లకూ సరిగ్గా నడుమ, ఖాళీ గోడలోంచి వస్తున్నట్టు వినిపించాలి. ఎక్కడినుంచో తెలియకుండా చెదిరిపోతే ఒక స్పీకరు వైర్లు ఎరుపు, నలుపు తిరగబడ్డాయి. యాంప్లిఫయర్ ఆపి, ఆ ఒక్కదానివి మార్చి మళ్లీ పెట్టండి.