కాకటీల్స్‌లో మగా ఆడా గుర్తుపట్టడం – 3వ పాఠం: లుటినో, పెరల్, మిగతా రంగులు

పోయిన పాఠంలో గ్రే కాకటీల్ (తల మీద కుచ్చుండే చిన్న చిలుక) అయిపోయింది కదా, ఆ లెక్క ఒక్కసారి గుర్తు చేసుకుని ముందుకెళ్దాం. పిల్లగా ఉన్నప్పుడు అన్నీ ఆడవాటిలాగే కనిపిస్తాయి. ఆరు నుంచి తొమ్మిది నెలల మధ్యలో, కొన్నిటికైతే ఏడాది దాకా పట్టొచ్చు, మొదటిసారి ఈకలు రాల్చి కొత్తవి వచ్చాక మగదాని మొహం మంచి పసుపు రంగులోకి వస్తుంది, తోక కింద అంతా ఒకటే ముదురు రంగు అయిపోతుంది. ఆడదానికి మాత్రం మొహం మసగ్గానే ఉండి, తోక కింద అడ్డ చారలు, రెక్క కింద పసుపు చుక్కలు అలాగే ఉండిపోతాయి. ఇది ఇంకా బుర్రకెక్కనివాళ్ళు 2వ పాఠం చదివి రండి, ఎందుకంటే ఇవాళ చెప్పేదంతా ఆ గుర్తుల్లో ఏది ఏ రంగు పక్షికి పనిచేస్తుంది, ఏది చెయ్యదు అన్నదే.

ఆస్ట్రేలియాలో గుంపులుగా ఎగిరేవి దాదాపు అన్నీ గ్రేనే, మనం షాపుల్లో చూసే తెల్లవి, ముత్యాలవి, మచ్చలవి అన్నీ కేజ్‌లలో పెంచుతుంటే వచ్చిన మ్యుటేషన్లు, అంటే జీన్ మారి పుట్టిన రంగులు. హైదరాబాద్‌లో ముర్గీ చౌక్ వైపు వెళ్ళినా, ఇంటి పక్క పెట్ షాప్‌కి వెళ్ళినా ముందు మనసు పడేది లుటినో మీదే కాబట్టి దాంతోనే మొదలుపెడదాం.

లుటినోకి మెలనిన్ (నలుపు, గ్రే రంగునిచ్చే పదార్థం) ఉండదు, అంటే గ్రే రంగు మొత్తం పోయి తెలుపు, పసుపు, బుగ్గ మీద నారింజ మచ్చ మిగుల్తాయి, కళ్ళు ఎర్రగా ఉంటాయి. ఇక్కడే చాలామంది ఆగిపోతారు, మొహం ఎలాగూ రెండిటికీ పసుపే కదా ఇంకేం చూస్తాం అని. కానీ ఆడదాని తోక కింద చారల్లో పసుపు కూడా ఉంది, ఆ పసుపు ఎక్కడికీ పోలేదు! తెల్ల పంచె మీద ఉతికినా వదలని పసుపు మరకలాగా లేతగా కనిపిస్తుంది, వెతికితేనే కనిపిస్తుంది. మగదానికి మోల్టింగ్ (ఈకలు రాల్చి కొత్తవి రావడం) అయ్యాక అక్కడ చార లేకుండా సాదాగా ఉంటుంది.

చూసే పద్ధతి ఇదీ. పగలు కిటికీ దగ్గర చూడండి, రాత్రి పసుపు బల్బు కింద చూస్తే తెల్ల ఈక కూడా పసుపుగానే కనిపిస్తుంది, అనవసరంగా తికమక. పక్షి కర్ర మీద కూర్చున్నప్పుడు కేజ్‌ని మీ కళ్ళకంటే ఎత్తులో పెట్టి, ఇంకొకర్ని తోక పైనుంచి ఫోన్ టార్చ్ వెయ్యమని, మీరు కిందనుంచి చూడండి, వెలుతురు ఈకలోంచి దూరి వస్తే చారలు తేలతాయి. టార్చ్ దాని కళ్ళలో కొట్టకండి పాపం. రెక్క చుక్కల కోసమైతే పట్టుకుని లాగాల్సిన పనే లేదు, పొద్దున్నే లేచి ఒళ్ళు విరుచుకునేటప్పుడు రెక్క పూర్తిగా చాపుతుంది కదా, అప్పుడు స్లో మోషన్ వీడియో తీసి ఆపి ఆపి చూసుకోండి. తప్పనిసరై చేత్తో పట్టుకుంటే ఛాతీ మాత్రం నొక్కకండి, పక్షులకి మనలాగా డయాఫ్రమ్ ఉండదు, ఛాతీ కదిలితేనే ఊపిరి ఆడుతుంది, గట్టిగా పట్టుకుంటే నిజంగానే చచ్చిపోతుంది.

లుటినోల్లో చాలావాటికి కుచ్చు వెనకాల చిన్న బట్టతల ఉంటుంది, దానికీ మగా ఆడాకీ సంబంధం లేదు. కుచ్చు పొడుగుంటే మగది, తల పెద్దదైతే మగది అని చెప్పేవాళ్ళ మాట కూడా పక్కన పెట్టేయండి. ఇక పొట్ట కింద, తోక దగ్గరుండే కటి ఎముకల మధ్య వేలుపెట్టి ఎడం ఉంటే ఆడది అని చెప్పడం ఉంది చూశారూ, గుడ్లు పెట్టే వయసొచ్చిన ఆడదానికి కొంత తేడా తెలుస్తుందేమో గానీ పిల్ల పక్షికి అది ఉత్త ఊహే, నేనైతే ఆ మాట మీద డబ్బులు పెట్టను.

పెరల్ దగ్గర సంగతి సరదాగా ఉంటుంది. వీపు మీద, రెక్కల మీద ముత్యాలు పేర్చినట్టు ఉండే డిజైన్ చూసి ముచ్చటపడి కొంటాం, అది మగదైతే వయసొచ్చాక మెలనిన్ పెరిగి ఆ ముత్యాల్ని కప్పేస్తుంది, చూస్తుండగా మామూలు గ్రే అయిపోతుంది. కొన్నిటికి అక్కడక్కడ కాస్త మిగలొచ్చు. ఆడదానికి జీవితాంతం ఉంటాయి. కాబట్టి ఏడాదిన్నర దాటినా ముత్యాలు నిండుగా ఉన్నాయంటే దాదాపు ఆడదే అనుకోవచ్చు, నాలుగు నెలల పిల్లకి ముత్యాలున్నాయని ఆడది అనేస్తే మాత్రం అది లెక్కలోకి రాదు.

సిన్నమన్‌కి గ్రే రూల్సే, రంగు గోధుమ వైపు మారిందంతే. వైట్‌ఫేస్‌లో పసుపూ నారింజా రెండూ ఉండవు, బుగ్గ మచ్చే ఉండదు, పెద్దయిన మగదానికి మొహం తెల్లగా, ఆడదానికి గ్రేగా ఉంటుంది, తోక చారలు గ్రే-తెలుపులో కనిపిస్తాయి. వైట్‌ఫేస్, లుటినో రెండూ కలిసిన ఆల్బినోకి అసలు రంగే లేదు కాబట్టి చారా లేదు, చుక్కా లేదు, కళ్ళతో చూసి చెప్పడం కుదరదు. పైడ్ అయితే ఇంకా మోసం, మచ్చలు ఇష్టమొచ్చినట్టు పడతాయి, ఆడదానికి కూడా మొహం నిండా పసుపు ఉండొచ్చు, తోక చారలు మాయమవ్వొచ్చు. పైడ్‌కి 1వ పాఠంలో చెప్పిన ప్రవర్తనే కాస్త ఆధారం: మగది ట్యూన్లు ఈల వెయ్యడం, ముక్కుతో టకటకా కొట్టడం, రెక్కల్ని భుజాల దగ్గర కొంచెం ఎత్తి గర్వంగా నడవడం. అది కూడా గ్యారంటీ కాదు, ఈల వేసే ఆడవీ ఉంటాయి.

ఇప్పుడు అసలైన భాగం, పిల్ల గుడ్డులోంచి రాగానే చెప్పెయ్యగలిగే సందర్భం ఒకటుంది. మగా ఆడా తేల్చే క్రోమోజోములు మనకి ఎక్స్-వై ఉన్నట్టు పక్షులకి జెడ్-డబ్ల్యూ, కాకపోతే తిరగబడి ఉంటుంది, మగదానికి రెండు జెడ్‌లు, ఆడదానికి ఒక జెడ్ ఒక డబ్ల్యూ. లుటినో, పెరల్, సిన్నమన్ జీన్లు మూడూ జెడ్ మీదే ఉంటాయి. ఆడపిల్లకి ఉన్న ఆ ఒక్క జెడ్ నాన్న దగ్గర్నుంచే వస్తుంది, కాబట్టి నాన్న లుటినో, అమ్మ గ్రే అయితే ఆడపిల్లలన్నీ లుటినో, మగపిల్లలన్నీ చూడ్డానికి గ్రే, లోపల లుటినో జీన్ దాచుకుని ఉంటాయి, వాటినే స్ప్లిట్ అంటారు. లుటినో పిల్లకి కళ్ళు తెరవకముందే చర్మం కిందనుంచి ఎర్రగా కనిపిస్తాయి, గ్రే పిల్లకి నల్లగా, అంతే, మొదటిరోజే తేలిపోయింది. నాన్న స్ప్లిట్, అమ్మ గ్రే అయితే లుటినో వచ్చిన పిల్ల ఆడదే, గ్రే పిల్లలు మాత్రం ఏవైనా కావచ్చు. పైడ్, వైట్‌ఫేస్ జీన్లు జెడ్ మీద ఉండవు కాబట్టి వాటితో ఈ లెక్క వెయ్యకండి, అలాగే పది పక్షులు ఒకే పెద్ద కేజ్‌లో ఉంటే నాన్న ఎవరో ఖాయంగా తెలీదు, అప్పుడూ వద్దు.

హోంవర్క్: నాన్న చూడ్డానికి గ్రే, అమ్మ లుటినో, పిల్లల్లో ఒకటి ఎర్ర కళ్ళతో పుట్టింది. నాన్న గురించి ఏం తెలిసింది, ఆ పిల్ల మగదో ఆడదో చెప్పగలమా లేదా, ఎందుకు? కాగితం మీద జెడ్‌లు గీసుకుని చూడండి. జవాబు 4వ పాఠం మొదట్లో చెప్తా, ఆ తర్వాత డీఎన్‌ఏ టెస్ట్‌కి ఈకలు ఎలా తియ్యాలో, రాలిపోయిన ఈక పంపితే ఎందుకు పనికిరాకపోవచ్చో చూద్దాం.