వానాకాలానికి బండి టైర్లు మారుస్తున్నారా? ముందు ఇవి చూడండి

పర్లాకిమిడి, గుణుపూరు, రాయగడ వైపు తిరిగే బైకులకి వానాకాలంలో మూడు రకాల రోడ్డు ఎదురవుతుంది. ఎండాకాలమంతా పేరుకున్న నూనె మీద తొలి వాన పడి సబ్బులా తయారైన తారు ఒకటి. దమ్ము పట్టి రోడ్డెక్కిన ట్రాక్టర్లు రాల్చిన బురద రెండోది. ఘాట్ మలుపుల్లో కొండవాలు నుంచి కొట్టుకొచ్చిన ఎర్రమట్టి మూడోది. మూడింటికీ ఒకే టైరు సరిపోదు. మీరు రోజూ నడిచేది తారు మీదే అయితే టైరు తడి తారుకే ఎంచుకోండి. బురద దగ్గర వేగం తగ్గించడం తప్ప వేరే దారి లేదు.

షాపులో చాలామంది పడే పొరపాటు పెద్ద పెద్ద గడ్డల్లాంటి బటన్ (టైరు మీద రోడ్డుకి తగిలే రబ్బరు అచ్చు) ఉన్న టైరు చూసి గ్రిప్ బాగుంటుందనుకోవడం. ఆ గడ్డలు మట్టిలో దిగబడి పట్టుకుంటాయి. తారులో దిగబడేందుకు ఏముంది? అక్కడ రోడ్డుకి తగిలే రబ్బరు తక్కువ, బ్రేకు నొక్కితే గడ్డలు ఒరుగుతాయి, బండి జారుతుంది. మోహన బ్లాకు లోపలి కొండ ఊళ్లకి మట్టిదారిన రోజూ వెళ్లేవాళ్లు కూడా మధ్యభాగం దగ్గర దగ్గరగా, అంచులు మాత్రమే విడివిడిగా ఉన్న రకం తీసుకోవడం మేలు.

తడిలో పట్టు ఇచ్చేది ముందుగా రబ్బరు, తర్వాతే గాడులు. సిలికా కలిపిన మెత్తటి రబ్బరు తడి రోడ్డుని బాగా అంటిపెట్టుకుంటుంది, కాకపోతే కాస్త త్వరగా అరుగుతుంది. "ఇది చాలా కిలోమీటర్లు వస్తుంది సార్" అని అమ్మే గట్టి రబ్బరు టైరు వానకి అంత మంచిది కాదు. గోరుతో నొక్కి రెండు టైర్లని పోల్చండి, తేడా అక్కడే తెలుస్తుంది.

రబ్బరు వయసుతో కూడా గట్టిపడుతుంది. టైరు పక్కన చిన్న గడిలో నాలుగంకెలు ఉంటాయి. 1425 అంటే 2025లో 14వ వారం తయారైంది. ఏడాది లోపుది అడగండి. మూడేళ్లుగా షాపు ముందు ఎండలో వేలాడిన టైరు ఎంత తగ్గింపు ఇచ్చినా వద్దు. ఐఎస్ 15627 (రెండు, మూడు చక్రాల బండ్ల టైర్ల ప్రమాణం) నంబరుతో ఐఎస్ఐ గుర్తు కూడా ఉండాలి. రీబటన్ టైరు, అంటే అరిగినదాని మీద కొత్త రబ్బరు అతికించింది, లారీకి సరే గాని బైకుకి పెట్టకండి.

వెనక టైరు త్వరగా అరుగుతుంది కాబట్టి దాన్నే మార్చి, ముందు టైరుని ఆరేడేళ్లు అలాగే వదిలేసేవాళ్లే ఎక్కువ. ఇది మహా ప్రమాదం. బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందుకొస్తుంది, బండిని ఆపేది చాలావరకు ముందు చక్రమే. వెనక జారితే ఒక్కోసారి నిలదొక్కుకోవచ్చు, ముందు జారితే కింద పడటమే. ముందు టైరు బటన్ బాగా కనిపిస్తున్నా పక్కల సన్నటి పగుళ్లుంటే దాన్నీ మార్చండి. గాడుల మధ్య అరుగుదల చూపే చిన్న దిమ్మలు ఉంటాయి. బటన్ వాటి ఎత్తుకి వచ్చిందంటే టైరు అయిపోయినట్టే. వానకైతే అక్కడిదాకా ఆగకుండా, లోతు 2 మి.మీ.కి రాగానే మార్చేయాలి. గాడి లేకపోతే నీరు పక్కకి పోయే దారి ఉండదు.

సైజు విషయానికొస్తే, స్ప్లెండర్‌లో ముందూ వెనకా 80/100-18 టైర్లే. 80 అంటే వెడల్పు మిల్లీమీటర్లలో, 100 అంటే ఎత్తు ఆ వెడల్పులో నూటికి నూరు, 18 రిమ్ అంగుళాలు. సైజు ఒకటే కదా అని తారుమారు చేస్తే తప్పు. ముందుది 47పి, వెనకది 54పి. అంకె బరువుకి, పి అక్షరం వేగానికి గుర్తు. 47 అంటే 175 కిలోల బరువు మోస్తుంది, 54 అంటే 212. వెనక మనిషితో పాటు బియ్యం బస్తా కూడా వేసుకునే బండికి ఆ తేడా చిన్నది కాదు. ముందు టైరుని వెనక వేసేసే షాపులుంటాయి, అంకెలు మీరే చదవండి.

లావు టైరు వేస్తే గ్రిప్ పెరుగుతుందన్నది సగమే నిజం. రిమ్ మీద 1.60×18 అని (అంటే 1.60 అంగుళాల వెడల్పు) ఉంటే 100 మి.మీ. వెడల్పు టైరు అందులో ఇరుక్కుని ఉబ్బుతుంది, ఆకారం మారిపోయి మలుపులో అంచు సరిగా ఆనదు. చైనుకో మడ్‌గార్డ్‌కో రాసుకుంటుంది కూడా. కంపెనీ సైజు వదలకండి.

పుల్లల చక్రానికి ట్యూబు కావాలి. ట్యూబ్‌లెస్ టైరు కొన్నా లోపల ట్యూబు వేయాల్సిందే. కొత్త టైరుకి కొత్త ట్యూబు, పుల్లల తలలకి అడ్డుగా ఉండే రబ్బరు పట్టీ కూడా కొత్తదే వేయించండి. పాత ట్యూబు సాగి ఉంటుంది, లోపల మడత పడి అక్కడే పంక్చర్ అవుతుంది. బిగించేటప్పుడు సబ్బునీళ్లే రాయమనండి, గ్రీజు, డీజిలు వద్దు. టైరు మీద బాణం గుర్తు బండి ముందుకి తిరిగే వైపే ఉండాలి. తిరగబడితే గాడులు నీటిని బయటికి తోసే పని సరిగా చేయవు. రంగు చుక్క ఉంటే వాల్వ్ పక్కకి తెప్పించండి. గాలి కొట్టాక రిమ్ అంచు పక్కనున్న సన్నటి గీత చుట్టూ ఒకే దూరంలో ఉందో లేదో చూడండి. ఒకచోట లోపలికి పోయిందంటే టైరు కూర్చోలేదు, చక్రం ఊగుతుంది.

వానలో గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుందని కొందరు చెబుతారు. తారు మీద అది నిజం కాదు. మెత్తబడ్డ టైరు నొక్కుకుని గాడులు మూసుకుంటాయి. గాలి కంపెనీ చెప్పినంతే ఉంచండి, బండి నడపకముందు చల్లగా ఉన్నప్పుడు చూడండి.

ఇవన్నీ మే నెలాఖరుకి చేయించుకుంటే మంచిది. కొత్త టైరు పైన అచ్చులోంచి వచ్చిన జారుడు పొర ఉంటుంది. అది పోయేదాకా, సుమారు 150 కిలోమీటర్లు, పొడి రోడ్డు మీద నెమ్మదిగా నడుపుతూ మలుపుల్లో కొంచెం కొంచెంగా వంపు పెంచాలి. షాపువాడు మెరుపు కోసం పాలిష్ పూస్తానంటే వద్దనండి. ఆ 150 కిలోమీటర్లు అయ్యాక గాలి మళ్లీ కొలిచి, వెనక ఇరుసు నట్టు బిగువు, చైను వదులు చూపించండి.