తలకోనలో హెచ్‌డీఆర్ తీసే ముందు చూసుకోవాల్సినవి

ఈశాన్య రుతుపవనాల వానలు పడగానే తిరుపతి నుంచి కెమెరాలన్నీ తలకోన దారి పడతాయి. అక్కడ చెట్ల కింద చీకటి, పైన తెల్లటి ఆకాశం, మధ్యలో మెరిసే జలపాతం. ఒక్క ఎక్స్‌పోజర్‌లో మూడూ పట్టవు. అందుకే ఒకే దృశ్యాన్ని వేర్వేరు వెలుగుల్లో కొన్ని ఫ్రేములుగా తీసి (దీన్నే బ్రాకెటింగ్ అంటారు), తర్వాత ఒకే ఫొటోగా కలుపుతాం. అదే హెచ్‌డీఆర్.

– ముందుగా అన్నిటికంటే చీకటి ఫ్రేమ్ హిస్టోగ్రామ్ (ఎడమ చీకటిని, కుడి వెలుగును చూపే గ్రాఫ్) చూడండి. అది కుడి అంచుకు గుద్దుకుంటే ఆకాశం పోయినట్టే, ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. −2, 0, +2 (మామూలు కంటే రెండు మెట్లు చీకటి, మామూలు, రెండు మెట్లు వెలుగు) చాలకపోతే ఐదు ఫ్రేములు తీయండి. నీడల్లో కాస్త నాయిస్ (గరుకు చుక్కలు) వచ్చినా సర్దుకోవచ్చు, తెల్లగా కాలిపోయిన మబ్బును సర్దలేం.

– అపర్చర్ ప్రయారిటీ (లెన్స్ రంధ్రం అంటే అపర్చర్ మనం పెడితే షట్టర్ వేగం కెమెరా చూసుకునే మోడ్) పెట్టి, ఆటో ఐఎస్‌ఓ (వెలుగుకు సెన్సార్ స్పందనను కెమెరాయే మార్చుకోవడం) ఆపేయండి. ఫ్రేముల మధ్య షట్టర్ వేగం మాత్రమే మారాలి. అపర్చర్ మారితే ఫోకస్ లోతు మారి ఫొటోలు సరిగా కలవవు.

– ఫోకస్ కుదిరాక మాన్యువల్‌కు మార్చండి.

– ట్రైపాడ్‌తో పాటు రెండు సెకన్ల టైమర్ వాడండి. చాలా కెమెరాల్లో ఒక్క నొక్కుకే ఫ్రేములన్నీ వరసగా పడతాయి.

– గాలికి ఊగే కొమ్మలు, నీళ్లలో ఆడే పిల్లలు కలిపేటప్పుడు దెయ్యాల్లా రెండేసి కనిపిస్తారు. గాలి ఆగేదాకా ఆగండి. నీటి భాగాన్ని మాత్రం ఒకే ఫ్రేము నుంచి తీసుకోవడం నయం.

– లెన్స్ మీద తుంపర్లు పడతాయి, మెత్తటి గుడ్డ జేబులోనే ఉంచుకోండి.

– పనయ్యాక బ్రాకెటింగ్ ఆపేయండి. లేకపోతే ఇంటివాళ్ల ఫొటోలు ఒకటి నల్లగా, ఒకటి తెల్లగా వచ్చి తిట్లు పడతాయి.