షిబారి తాడు అలంకారం: కట్టుకునే ముందు జాగ్రత్తలు

ఒంటి మీద తాడును అందంగా అల్లి కట్టే జపాన్ పద్ధతి షిబారి. ఆ కట్ల తరహాలో చొక్కా మీదో గౌను మీదో తాడు అల్లుకుని ఫొటోషూట్‌కో పార్టీకో వెళ్దామనుకుంటున్నారా? ముందు ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఈ కట్టు నిలబడేది బిగువు వల్ల కాదు, తాడును తాడు పట్టుకునే రాపిడి వల్ల. ఛాతీ మీద వజ్రాకారపు హిషి గళ్లైనా, ఆరు కోణాల కిక్కో గళ్లైనా వదులుగా ఉన్నా అందంగానే కనిపిస్తాయి. జారిపోతుందేమోనని లాగి బిగించేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది. ఎడో కాలంలో (1603–1868) ఖైదీలను బంధించిన హోజోజుత్సు కట్లు వేరే పనికోసం పుట్టాయి. గంటల తరబడి ఒంటి మీద ఉండే అలంకారానికి ఆ బిగువు పనికిరాదు.

మెడ చుట్టూ తాడు వద్దు. దీనికి మినహాయింపు లేదు. కట్టును పక్కటెముకల దగ్గర మొదలుపెట్టి భుజాల మీదుగా తీసుకెళ్లండి. జారుముడీ వద్దు. తాడు దేనికైనా తగులుకుంటే ఆ ముడి ఉచ్చులా బిగుస్తుంది.

అసలు ప్రమాదం నరాలకు. రక్తం ఆగితే చర్మం రంగు మారి చెబుతుంది, నరం నలిగితే ఒక్కోసారి ఏ నొప్పీ లేకుండానే దెబ్బతింటుంది. భుజానికీ మోచేతికీ మధ్య, చేతి వెలుపలి వైపు రేడియల్ నరం ఎముకను ఆనుకుని వెళ్తుంది. అక్కడ ఒత్తిడి ఎక్కువైతే మణికట్టు పైకి లేవక వాలిపోతుంది. మోచేతి లోపలి అంచు, చంక, మోకాలి కింద వెలుపలి వైపు కూడా అలాంటి చోట్లే. అందుకే చేతులకూ కాళ్లకూ తాడు చుట్టకుండా అలంకారాన్ని మొండెం వరకే ఉంచండి. తాడు కింద రెండు వేళ్లు సులువుగా దూరాలి. జివ్వుమన్నా, తిమ్మిరెక్కినా, వేళ్లు చల్లబడినా ఫొటో మాట పక్కనపెట్టి వెంటనే విప్పేయండి.

తాడు 6 మిల్లీమీటర్ల లావుంటే మేలు, సన్నదైతే ఒంట్లోకి దిగుతుంది. మధ్యకు మడిచి జంట పోగుగా వాడండి, పోగులు మెలిపడకుండా పక్కపక్కనే పరుచుకోవాలి. జనపనార తాడు తడిస్తే ఉబ్బి ముడులు పీటముళ్లవుతాయి, వానలోనూ చెమట పట్టే చోటా దీన్ని తలుచుకోండి. రంగు తాడైతే రంగు వదులుతుందేమో తడిగుడ్డతో రుద్ది చూడండి. నైలాన్ జారుతుంది కాబట్టి ముడి మీద ఇంకో ముడి వేయాలి.

కట్టాక కూర్చోండి, వంగండి, చేతులెత్తండి, నిండుగా ఊపిరి పీల్చండి. భోజనం చేశాక కడుపు ఉబ్బుతుందని కూడా లెక్కలో పెట్టుకోండి. ముడులు వెన్నెముక మీద కాక మీ చేతికందేలా ముందు వైపు ఉండాలి. బాత్రూంలో ఒంటరిగా ఉన్నా మీరే విప్పుకోగలగాలి. మొన మొద్దుగా ఉండే బ్యాండేజీ కత్తెర మీ సంచిలో ఒకటి, తోడొచ్చినవాళ్ల దగ్గర ఒకటి ఉంచండి. ఖరీదైన తాడని కత్తిరించడానికి వెనకాడొద్దు.

వేలాడే కొసలను లోపలికి దోపండి. చున్నీలు బైకు చక్రాల్లో పడి జరిగిన ప్రమాదాలు మనకు తెలియనివి కావు, తాడు కొసతోనూ అదే జరగొచ్చు. బండి మీద, ఎస్కలేటర్ ఉన్నచోట, దీపాల దగ్గర ఈ అలంకారం వద్దు. ఫొటోషూట్‌కో పార్టీకో చేరాకే కట్టుకోండి.

గర్భిణులు, మధుమేహంతో స్పర్శ తగ్గినవాళ్లు, రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు, పిల్లలు దీని జోలికి వెళ్లకూడదు. వేరేవాళ్లకు కడుతుంటే ప్రతి చుట్టుకూ అడగండి, మద్యం తాగి ఉంటే అసలు కట్టకండి.

విప్పాక చర్మం మీద గీతలు కాసేపటికి పోతాయి. మొద్దుబారడం తగ్గకపోయినా, మణికట్టు గానీ పాదం గానీ పైకి లేవకపోయినా తెల్లారేదాకా ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లి, తాడు ఎక్కడ, ఎంతసేపు ఉందో చెప్పండి.