వానలకు ముందే మీ బ్యాకప్‌ను ఒకసారి వెనక్కి తెచ్చి చూడండి

గత నెల ఉరుముల వానలో ఇందుకూరుపేట వైపు ఉండే మా పిన్ని కొడుకు ఇంట్లో కంప్యూటర్ కాలిపోయింది. పిడుగు ఇంటి మీద పడలేదు. వీధి చివరి కరెంటు స్తంభం దగ్గర పడింది. తీగ వెంట వచ్చిన దెబ్బకు మదర్‌బోర్డు, హార్డ్ డిస్కు రెండూ పోయాయి. అయినా మొదట ఎవరమూ కంగారుపడలేదు. ఫైళ్ల నకలును వేరే డిస్కులో దాచే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ పెట్టించుకుని అప్పటికి రెండేళ్లయింది. ప్రతి ఆదివారం బీరువాలోంచి బయటి హార్డ్ డిస్కు తీసి తగిలించేవాడు. తెర మీద ‘బ్యాకప్ పూర్తయింది’ అని పచ్చ గుర్తు కనిపించాకే తిరిగి లోపల పెట్టేవాడు.

కొత్త కంప్యూటర్‌కు ఆ డిస్కు తగిలించి చూశాం. డెస్క్‌టాప్ మీది ఫొటోలు వచ్చాయి, పిల్లల పాఠాలు వచ్చాయి. రొయ్యల గుంటల లెక్కలు రాలేదు. మేత బాకీలు, సీడు (రొయ్య పిల్లలు) వదిలిన తేదీలు, పట్టుబడి నాటి కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలో), ధర, ఇలా నాలుగేళ్ల రాత మొత్తం డి డ్రైవులో ఉండేది. సాఫ్ట్‌వేర్ సి డ్రైవులోని యూజర్ ఫోల్డర్‌ను మాత్రమే కాపీ చేస్తూ వచ్చింది. పెట్టించినవారు డి డ్రైవును చేర్చలేదు, వీడు అడగలేదు. ఆ రెండేళ్లలో ఏదో ఒక ఆదివారం ఒక్క లెక్కల ఫైలును వెనక్కి తేవడానికి ప్రయత్నించి ఉంటే అయిదు నిమిషాల్లో తెలిసిపోయేది.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు పెద్ద వానల కాలం. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రోడ్డు, రైలు మార్గం దెబ్బతిన్న రోజులు, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజు మనకు గుర్తున్నాయి. అందుకే బ్యాకప్ ఎందుకు చేయాలో ఇక్కడ రాయను. చాలామంది చేస్తూనే ఉన్నారు. బ్యాకప్ చేసి కూడా నష్టపోతున్నారు, నా బాధ అది. పదిహేనేళ్లుగా బంధువుల, ఇరుగుపొరుగువారి కంప్యూటర్లు చూస్తున్నాను. బ్యాకప్ లేక ఏడ్చినవారికంటే, బ్యాకప్ ఉందన్న ధీమాతో ఉండి చివరికి అందులో తమకు కావలసింది లేదని తెలుసుకున్నవారే ఎక్కువగా కనిపించారు. తప్పు ఎప్పుడూ ఒక్కటే. ఒక్కసారి కూడా రీస్టోర్ చేసి, అంటే దాచిన ఫైళ్లను వెనక్కి తెచ్చి, చూడకపోవడం.

సాఫ్ట్‌వేర్ ఎంపిక

విండోస్‌తో పాటే వచ్చే ఫైల్ హిస్టరీ చాలా ఇళ్లకు సరిపోతుంది. డబ్బు కట్టనక్కరలేదు, డిస్కు తగిలించి ఉన్నంతసేపు గంటకోసారి మారిన ఫైళ్లను దాస్తుంది, పాత ప్రతులను కూడా ఉంచుతుంది. కానీ డి డ్రైవు జోలికి తనంతట తాను పోదు. విండోస్ 11లో అయితే అక్కడి ఫోల్డర్‌ను ముందు విండోస్‌లో ‘లైబ్రరీ’ అనే ఫోల్డర్ల జాబితాలో చేర్చాలి, అప్పుడే దాన్ని పట్టించుకుంటుంది. పేరు దగ్గరగా ఉన్నా ‘విండోస్ బ్యాకప్’ వేరు. అది ఫైళ్లను ఇంటర్నెట్‌లో ఉండే మైక్రోసాఫ్ట్ నిల్వ వన్‌డ్రైవ్‌కు పంపుతుంది, అక్కడ ఉచితంగా దొరికేది 5 జీబీ. ఒక్క పెళ్లి వీడియోకే చాలదు.

మొత్తం కంప్యూటర్‌ను ఉన్నది ఉన్నట్టు దాచాలంటే వీమ్ ఏజెంట్ అనే సాఫ్ట్‌వేర్ ఉచిత ప్రతి మంచిది. డిస్కు పోయినప్పుడు విండోస్‌తో సహా తిరిగి నిలబెట్టవచ్చు. అందుకు రికవరీ పెన్ డ్రైవును (ఆగిపోయిన కంప్యూటర్‌ను దానితో నడిపించవచ్చు) ముందే తయారు చేసుకోవాలి. కంప్యూటర్ ఆగిపోయాక దాన్ని తయారు చేయాలంటే ఇంకొకరి ఇంటికి పరుగెత్తాలి.

డుప్లికాటి లాంటి బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు ఫైళ్లను ముక్కలు చేసి తమ సొంత రూపంలో దాస్తాయి. ఆ డిస్కును మామూలుగా తెరిస్తే మీ ఫైళ్ల పేర్లు కూడా కనిపించవు. వెనక్కి తేవాలంటే మళ్లీ అదే సాఫ్ట్‌వేర్ కావాలి. సంకేతపదం పెట్టి ఉంటే అదీ కావాలి. మరిచిపోతే తయారు చేసినవారు కూడా తెరవలేరు. కావలిలో ఒక పెద్దాయన ఇంట్లో మనవరాలి పసితనం ఫొటోలన్నీ అలా డిస్కులోనే మూసుకుపోయి ఉన్నాయి. సంకేతపదం పెట్టిన అబ్బాయికి ఇప్పుడది గుర్తు లేదు. ఇంటి వాడకానికి ఫైళ్లను మామూలు ఫైళ్లుగానే కాపీ చేసే ఫ్రీఫైల్‌సింక్ లాంటివి నాకు ఎక్కువ నచ్చుతాయి. ఏ కంప్యూటర్‌కు తగిలించినా కంటికి కనిపిస్తాయి. అందులో పాత ప్రతులను దాచే ఏర్పాటును మీరే ఆన్ చేయాలి.

సాఫ్ట్‌వేర్‌కూ ఆయుష్షు ఉంటుంది. క్రాష్‌ప్లాన్ సంస్థ ఇళ్లకు ఇచ్చే బ్యాకప్ సేవను మూసేస్తున్నట్టు 2017 ఆగస్టులో ప్రకటించి 2018 అక్టోబరులో మూసేసింది. మాక్రియం రిఫ్లెక్ట్ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఉచిత ప్రతికి 2024 జనవరి నుంచి మార్పులు, సవరణలు ఆగిపోయాయి. ఎప్పుడో ఎవరో పెట్టి వెళ్లినది ఇప్పటికీ నడుస్తోందా, దాన్ని తయారు చేసినవారు ఇంకా చూసుకుంటున్నారా, ఈ వారమే కనుక్కోండి.

వెనక్కి తెచ్చి చూడటం ఎలా

మూడు ఫైళ్లు ఎంచుకోండి. నిన్న మార్చిన లెక్కల ఫైలు ఒకటి, 4 జీబీ దాటిన వీడియో ఒకటి, తెలుగులో పేరు పెట్టిన ఫైలు ఒకటి. ఈ మూడూ ఊరికే చెప్పడం లేదు. లెక్కల ఫైలు తెరిచి ఉండగా బ్యాకప్ నడిస్తే కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్ని వదిలేసి ముందుకు వెళతాయి, ఆ సంగతి ఎక్కడో చిట్టాలో చిన్న అక్షరాల్లో రాస్తాయి. వాడుకలో ఉన్న ఫైలును కూడా కాపీ తీయనిచ్చే విండోస్ షాడో కాపీ ఏర్పాటును వాడుకునేవి మాత్రమే తెరిచి ఉన్న ఫైలును సరిగా తీసుకుంటాయి. ఇక పెద్ద వీడియో సంగతి. డిస్కు ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటే 4 జీబీ దాటిన ఫైలు అందులో పట్టదు. తెలుగు పేరున్న ఫైళ్లను కొన్ని పాత సాఫ్ట్‌వేర్లు ప్రశ్నార్థకాలుగా మార్చేస్తాయి.

ఆ మూడింటినీ వేరే కంప్యూటర్‌లోకి రీస్టోర్ చేయండి. వేరే కంప్యూటర్ అన్న మాట ముఖ్యం. అసలు కంప్యూటర్‌లో అన్నీ ఉంటాయి కాబట్టి అక్కడ అన్నీ తెరుచుకుంటాయి. పక్కింటి ల్యాప్‌టాప్‌లో తెరిచినప్పుడే లేనిదేదో తెలుస్తుంది. అనూ ఫాంట్లతో టైపు చేసిన పాత ఉత్తరాలు, శుభలేఖలు ఆ ఫాంట్లు లేనిచోట చదవలేని గీతలుగా కనిపిస్తాయి. ఆ ఫాంట్లను కూడా బ్యాకప్‌లో చేర్చాలని అప్పుడే గుర్తుకొస్తుంది. ఫైలు వచ్చిందని ఆగిపోవద్దు. తెరవండి. చివరి పేజీ దాకా చూడండి. వీడియోను మధ్యలోకి జరిపి చూడండి.

అసలు ఫైలు మీదికి ఎన్నడూ రీస్టోర్ చేయవద్దు. ఖాళీ ఫోల్డర్‌లోకి తెచ్చుకోండి.

మిగతావి వరసగా చెబుతాను.

సి డ్రైవులోది డి డ్రైవులో వేస్తే బ్యాకప్ అనుకోవద్దు. చాలా ఇళ్లలో అవి రెండూ ఒకే డిస్కులో గీసిన రెండు గదులు.

గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్‌లలో ఫైళ్లు రెండు చోట్లా ఒకేలా ఉంటాయి. ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. చెత్తబుట్టలో 30 రోజులు ఉంటుంది. సంక్రాంతికి చెరిగిన ఫైలు ఉగాదికి గుర్తొస్తే దొరకదు.

కాపీ పూర్తికాగానే డిస్కు ఊడదీయండి. 2017 మే నెలలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు మన రాష్ట్రంలో పోలీసుల కంప్యూటర్లకు కూడా సోకింది. అలాంటిది వస్తే తగిలించి ఉన్న డిస్కుకూ తాళం వేస్తుంది.

బ్యాకప్ వేళను రాత్రి రెండు గంటలకు పెట్టవద్దు. ఆ వేళ మీ కంప్యూటర్ ఆగి ఉంటుంది.

యూపీఎస్ బ్యాటరీ పాడై ఉంటే మార్చండి. కాపీ మధ్యలో కరెంటు పోతే డిస్కు మీది పాత బ్యాకప్ కూడా చెడవచ్చు.

కాపీ సరిగా వచ్చిందో లేదో సరిచూసే వెరిఫై అన్న ఏర్పాటు ఉంటే ఆన్ చేయండి. ఆలస్యమైనా సరే.

తెలియని చోట నుంచి బ్యాకప్ సాఫ్ట్‌వేర్ దొంగ ప్రతి దించుకోవద్దు. మీ ఇంటి ఫైళ్లన్నింటినీ చదివే అధికారం దాని చేతికి ఇస్తున్నారు.

సంకేతపదం కాగితం మీద రాయండి. ఇంట్లో ఇంకొకరికి చూపించండి.

ఇంకో డిస్కు కొనండి. ఒకటే ఉంటే దాన్నే నమ్ముకోవాల్సి వస్తుంది.

పచ్చ గుర్తును నమ్మవద్దు. రీస్టోర్ చేసి చూడండి.

సాఫ్ట్‌వేర్ మార్చిన రోజు మళ్లీ చూడండి. విండోస్ మార్చిన రోజు మళ్లీ చూడండి. కొత్త ఫోల్డర్‌లో లెక్కలు మొదలుపెట్టిన రోజు, అదే సాయంత్రం, మళ్లీ చూడండి.

వాయుగుండం కబురు వచ్చాక మొదలుపెట్టవద్దు. అప్పటికి కరెంటు ఉంటుందో ఉండదో చెప్పలేం. ఈ ఆదివారమే కూర్చోండి. మూడు ఫైళ్లూ తెరుచుకున్నాక రెండో డిస్కును ప్లాస్టిక్ కవరులో చుట్టి, మీ ఇల్లు పల్లంలో ఉంటే మెరకలో ఉన్న బంధువుల ఇంటికి, కుదిరితే ఒంగోలులోనో తిరుపతిలోనో ఉన్నవారి ఇంటికి పంపించండి. దాని మీద తేదీ రాయండి, ఏ సాఫ్ట్‌వేర్‌తో చేశారో కూడా రాయండి.