బ్యాడ్మింటన్ రాకెట్: విదేశాల నుంచి తెప్పించాలా, ఊళ్లో కొనాలా?

బ్యాడ్మింటన్ డబుల్స్ ఆటగాడు సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి సొంతూరు అమలాపురంలోనైనా, కాకినాడ, భీమవరాల్లోనైనా, పిల్లలకు రాకెట్ కొనేవారు విదేశీ వెబ్‌సైట్ ధరను దుకాణం ధరతో నేరుగా పోల్చకూడదు. వస్తువు విలువకు రవాణా ఖర్చు, బీమా కలిపి, ఆ మొత్తంపై కస్టమ్స్ సుంకం, ఆపైన ఐజీఎస్టీ (దిగుమతులపై వేసే జీఎస్టీ) వేస్తారు కనుక, అన్నీ కాగితం మీద కూడి చూశాకే అసలు తేడా తేలుతుంది.

ముందుగా దుకాణంలో రాకెట్‌ను చేత్తో పట్టి, ఊపి చూడండి. రాకెట్ బరువును తెలిపే గుర్తుల్లో 3యూ అంటే 85–89 గ్రాములు, 4యూ అంటే 80–84 గ్రాములు. ఆ కొద్ది తేడా పదేళ్ల పిల్లవాడి మణికట్టుకు తెలిసినట్టు ఫోటో చూస్తే తెలియదు. ఖరీదైన రాకెట్లు తరచు తీగ లేకుండానే వస్తాయి. బిగించే యంత్రం ఉన్న దుకాణదారుడు ఆటగాడి స్థాయిని బట్టి, కొత్తవారికైతే 20–22 పౌండ్ల బిగువుతో తీగ వేసి, తెగినప్పుడు మళ్లీ అల్లి ఇస్తాడు. అతని దగ్గర అన్నీ అడిగి తెలుసుకుని, బయట కొనడం న్యాయం కాదని నా గట్టి అభిప్రాయం.

ఈక షటిళ్లు వేడి గాలిలో వేగంగా పోతాయి కాబట్టి, మన వేసవికి వేగాన్ని తెలిపే అంకె తక్కువగా, 75 లేదా 76 ఉన్నవి అడగండి.

దుకాణదారుడు తెప్పించలేనన్న నమూనానే విదేశం నుంచి కొనండి. వారంటీ భారతదేశంలో చెల్లుతుందో లేదో అమ్మకందారు నుంచి ముందే రాతపూర్వకంగా తీసుకోండి.