బహిరంగ వనరులతో ప్రజారోగ్య బోధన – 3వ పాఠం: అనుమతి చదవడం, కరపత్రం మలచడం

గత పాఠంలో వెతికి దాచుకున్న ఆరోగ్య పత్రాలను ఈసారి శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో పనికివచ్చేలా మలుచుకుందాం. అనువాదానికి కూర్చునే ముందు, పత్రం తొలి పుటల్లోనో చివరి అట్ట మీదనో చిన్న అక్షరాల్లో ఉండే అనుమతి వాక్యాన్ని వెతికి చదవాలి. ఉచితంగా దించుకోనిచ్చారంటే మార్చి పంచుకోనిచ్చినట్టు కాదు. 2002లో యునెస్కో సమావేశం ‘బహిరంగ విద్యా వనరులు’ (ఎవరైనా ఉచితంగా వాడుకోదగిన పాఠ్య సామగ్రి) అన్న మాటను వాడుకలోకి తెచ్చినప్పుడే, అవసరానికి తగినట్టు మార్చుకునే వీలును కూడా అందులో చేర్చింది. ఆ వీలు లేని పత్రం ఎంత మంచిదైనా మన పాఠానికి పనికిరాదు.

తమ రచనను ఇతరులు ఏ షరతులతో వాడుకోవచ్చో ముందే చెప్పడానికి మూలకర్తలు వాడే క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు ఆరు. మూలకర్త పేరు చెప్పాలన్న షరతు ఆరింటికీ ఉంది. వాటిలో రెండింటికి ‘ఎన్‌డీ’ అన్న తోక ఉంటుంది. మార్చిన ప్రతిని పంచరాదని దాని అర్థం. అనువాదం కూడా మార్పు కిందికే వస్తుందన్న సంగతి తెలియక, నేను ఒకసారి చేతుల శుభ్రత మీద అలాంటి పోస్టరును తెలుగు చేసి అచ్చు వేయించాను. తరువాత తోక కనబడితే కట్టలు విప్పకుండానే అటకెక్కించాల్సి వచ్చింది. సర్కారు పోస్టరైతే అందరిదే కదా అనుకోవడమూ పొరపాటే. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం ప్రభుత్వ ప్రచురణకు 60 ఏళ్ల హక్కు ఉంటుంది కాబట్టి, పోస్టరు మీద అనుమతి రాసి లేకపోతే ఆ శాఖకు ఉత్తరం రాసి అడగాలి.

ఇక పనిలోకి దిగుదాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇటీవలి ప్రచురణలు చాలావాటికి ‘సీసీ బీవై–ఎన్‌సీ–ఎస్ఏ 3.0 ఐజీఓ’ లైసెన్సు ఉంటుంది. అంటే మన కరపత్రాన్ని అమ్ముకోకూడదు, దాన్నీ అదే లైసెన్సు కింద ఇతరులకు ఇవ్వాలి, ఆ సంస్థ చిహ్నాన్ని వేయకూడదు, అనువాదం ఆ సంస్థ చేసినది కాదని స్పష్టంగా రాయాలి.

నీళ్ల విరేచనాల మీద కరపత్రం చేస్తున్నామనుకోండి. మూలంలో ‘ఒక ప్యాకెట్టు ఓఆర్‌ఎస్‌ను ఒక లీటరు శుభ్రమైన నీటిలో కలపాలి’ అని ఉంటుంది. లీటరుకు సరిపోయే ఆ ప్యాకెట్టులో 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడు, 2.9 గ్రాముల సిట్రేటు కలిపి మొత్తం 20.5 గ్రాముల పొడి ఉంటుంది. మన మందుల షాపుల్లో 200 మిల్లీలీటర్లకు సరిపోయే చిన్న ప్యాకెట్టు కూడా దొరుకుతుంది. మూలవాక్యాన్ని ఉన్నదున్నట్టు తెలుగు చేస్తే, చిన్న ప్యాకెట్టును లీటరు నీళ్లలో పోసి పలచన చేసే తల్లి ఉంటుంది. పెద్దదాన్ని గ్లాసుడు నీళ్లలో కలిపే తల్లీ ఉంటుంది, అప్పుడు ఉప్పు అయిదింతలై బిడ్డకు ప్రమాదమవుతుంది. అందుచేత కరపత్రంలో మొదటి వాక్యం ‘ప్యాకెట్టు మీద ఎన్ని నీళ్లు కలపమన్నారో చూడండి’ అని ఉండాలి. కొలత జాడీ బొమ్మ తీసి, ప్రతి ఇంట్లోనూ కనబడే లీటరు నీళ్ల సీసా బొమ్మ పెట్టాలి. మార్చదగినవి మాటలూ బొమ్మలే. మోతాదు అంకెలను మాత్రం ముట్టుకోకూడదు.

భాష విషయానికొస్తే, వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టిన జిల్లాలో ‘నిర్జలీకరణం’ అని అచ్చు వేయడం బాగుండదు. ‘ఒంట్లో నీరు తగ్గిపోవడం’ అంటే చాలు. (ఈ పాఠం మాత్రం గ్రాంథిక వాసన వేస్తోందని నాకూ తెలుసు.)

ఉద్దానం కిడ్నీ జబ్బు మీద కరపత్రం చేయాలనుకునేవారికి ఒక హెచ్చరిక. విదేశీ పాఠాలు చాలావరకు మధుమేహాన్నీ రక్తపోటునూ కారణాలుగా చూపి ఆగిపోతాయి. కవిటి, సోంపేట వైపు ఆ రెండూ లేనివారికి కూడా జబ్బు వస్తోంది, కారణం ఇంకా పరిశోధనలోనే ఉంది. అక్కడ లైసెన్సు అనుమతించినా విషయం అనుమతించదు.

వచ్చే పాఠానికి అభ్యాసం: మీరు దాచుకున్న పత్రాల్లో ఒక పుటను తెలుగు చేసి, అడుగున మూలం పేరు, ప్రచురించినవారు, దొరికిన చోటు, లైసెన్సు, మీరు చేసిన మార్పులు రాయండి. దాన్ని మీ ఊరి ఆశా కార్యకర్తకు చదివి వినిపించి, ఆమె ఆగి అడిగిన ప్రతి మాట కింద గీత గీసి ఉంచండి.